‘కుక్క ఉన్నది, జాగ్రత్త’: టీకా తాత్పర్య సహితము

మూలము: కుక్క ఉన్నది, జాగ్రత్త.

అవతారిక: గృహస్థుని గేటునకు వ్రేలాడు రేకుపలకపై వెలసిన యీ సూత్రము పాలవాడు, పోస్టుమాను, చందాల వారు, చెప్పకుండ దిగబడిన దూరపు బంధువులు అను నధికారులను ఉద్దేశించి ప్రవర్తిల్లినది.

ప్రతిపదార్థము: కుక్క = సారమేయము; ఉన్నది = గొలుసుతోనో, గొలుసు లేకయో గేటు లోపల వర్తించుచున్నది; జాగ్రత్త = ఓ యాగంతకుడా, నీ పిక్కలను నీవే కాపాడుకొనుము.

తాత్పర్యము: కఱచినచో ముందు చెప్పలేదని మమ్మనరాదు.

వ్యాఖ్య: సూత్రకారుడు కుక్క యనియే యూరకుండెను గాని యే జాతిదో సెలవీయలేదు. పలకపై నాలుక చాచిన ఆల్సేషియను తలబొమ్మ యుండుటచే మహాకాయమే యిచట వివక్షితమని పూర్వపక్షులు వాదింతురు. ఆ వాదము నిలువదు. 2008లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయమునకు చెందిన డఫీ, సెర్పెల్ ప్రభృతులు ముప్పదికి మించిన జాతుల యజమానులను ప్రశ్నించి ప్రకటించిన పరిశోధనలో, పరులపైనను, తన్ను పోషించు యజమానిపైనను పండ్లు చూపుటయందు అగ్రేసరములై నిలిచినవి డాక్స్‌హండు, చివావా వంటి పొట్టివే. లాబ్రడార్లు, గోల్డెన్ రిట్రీవర్లు శాంతస్వభావులలో లెక్కకు వచ్చినవి. డాక్స్‌హండును అనవలసినదియు లేదు. బొరియలో దూఱి లోపలి బ్యాడ్జరును ఎదుర్కొనుటకే జర్మనులు దానిని పొట్టికాళ్లతో పెంచి తీర్చిరి గదా, వెనుదీయని తెగువ దాని కులవృత్తి. 2021లో హెల్సింకీ విశ్వవిద్యాలయము వారు తొమ్మిదివేలకు పైబడిన కుక్కలను పరిశీలించి, పెద్దవానికంటె చిన్నవానికే కోపమధికమనియు, ఆ కోపమునకు భయము గట్టి తోడనియు తేల్చిరి.

ఇచట నొక యుపసూత్రము విచారణీయము. గేటు తెఱచి మనము లోపల నడుగిడగానే తెల్లని బొచ్చుకుక్కపిల్ల యొకటి, తోక లోనికి ముడిచి, పైపెదవి నెత్తి, కనుగ్రుడ్ల తెలుపు కానవచ్చునట్లు ఓరగా చూచుచు, గుఱ్ఱుమని మన చెప్పుల చుట్టును తిరుగుచుండగా, ఇంటి యిల్లాలు వరండానుండి చిఱునవ్వుతో ‘ఏమీ చేయదండీ, రండి’ యనును. ఈ వాక్యమున కర్మ లుప్తము. దానిని పూరించినచో ‘నన్నేమీ చేయదు’ అని యన్వయము కుదురును; ఆమె యబద్ధమాడినది కాదు. అయినను, ఆ గుఱ్ఱునే రాట్‌వైలరు చేసినచో ఇంటిల్లిపాదియు శిక్షకుని కొఱకు పరుగులిడుదురు. పొట్టిది చేసినచో ‘అబ్బో, మావాడికి కోపమొచ్చింది’ అని చంక కెత్తుకొని బిస్కత్తు పెట్టుదురు. దూరముగ నుండుమని అది పలికిన మాట యెవరి చెవికిని ఎక్కకపోగా, తుదకది పండ్లతో పలుకును. ‘మొఱిగే కుక్క కఱవదు’ అను లోకోక్తి యీ జీవి విషయమున వ్యభిచరించుచున్నది. ఇది రెండును చేయును.

అట్లని మహాకాయములకు నిర్దోషిత్వపత్రము వ్రాసి యిచ్చుట మా యుద్దేశము గాదు. చిన్నది కఱచిన చీలమండకు పసుపద్ది మఱచిపోదురు, పెద్దది కఱచినచో ఆసుపత్రియు, పత్రికయు కదలును. రాజశాసనములు పెద్దవానిపైననే వెలువడుటకు ఇదియే హేతువు. బ్రిటనులో 1991 నాటి చట్టము పిట్‌బుల్, జపాను తోసా మొదలగు నాలుగు జాతులను నిషేధించినది. మన కేంద్రప్రభుత్వము 2024 మార్చిలో ఇరువదిమూడు జాతులను ప్రమాదకరములని రాష్ట్రములకు తాఖీదు పంపగా, ఏప్రిల్‌లో కర్ణాటక హైకోర్టు దానిని కొట్టివేసెను. అయితే 2022లో అమెరికాలో పదునెనిమిదివేల పైచిలుకు కుక్కలపై జరిగిన పరిశోధన ప్రకారము, ఒక్కొక్క కుక్క నడవడిలోని భేదమున జాతి వలన కలుగునది సుమారు 9 శాతము మాత్రమే. ఈ లెక్కను బట్టి చూచినచో సూత్రకారుడు జాతిని చెప్పకుండుట లోపము గాదు, ప్రౌఢి.

పాఠాంతరము: ‘కుక్కలున్నవి, జాగ్రత్త’. ఈ పాఠమును కుక్కయే లేని యిండ్లయందు విశేషముగ చూతుము. అట్టిచోట బహువచనము గౌరవార్థకము.

ఫలశ్రుతి: కఱచినది మూరెడు లేదని యూరకుండక, గాయమును పదునైదు నిమిషములు సబ్బుతోను ధారగా పాఱు నీటితోను కడిగి, ఆనాడే ఆసుపత్రికి పోయి రేబీసు టీకా వేయించుకొనవలెను. ఇల్లాలు ఇచ్చిన కాఫీ తరువాత త్రాగవచ్చును.