పగడాల దీవుల్లో బీరు మేనేజరు

అతను కొలంబో వాడు కావచ్చు, కొచ్చి వాడు కావచ్చు, మన కాకినాడ వాడూ కావచ్చు. ఊరేదైనా వాలకం ఒక్కటే. కంపెనీ బొమ్మ కుట్టిన టీ షర్టు, ఎండకు కమిలిన మెడ, ఉప్పునీటికి తెల్లబారిన చెప్పులు, చంకలో ల్యాప్‌టాప్. మాల్దీవుల్లో విదేశీ బీరు అమ్మకాలు పెంచడం అతని ఉద్యోగం.

సంగతి తెలియని చుట్టాలు అతన్ని తలచుకుని కుళ్ళుకుంటూ ఉంటారు. నీలి సముద్రం, తెల్లటి ఇసుక, చల్లటి సీసా, పైగా వీటన్నిటికీ జీతం! తెలిసినవాళ్ళు మాత్రం అతన్ని అగ్రహారంలో చేపల గంప దించినవాడిలాగే చూస్తారు. అది ముస్లిం దేశం. జనం కాపురముండే దీవుల్లో మద్యం నిషేధం. విమానాశ్రయంలో ప్రయాణికుడి పెట్టెలో సీసా కనబడితే కస్టమ్స్ వాళ్ళు తీసి దాస్తారు, తిరిగి వెళ్ళేటప్పుడు ఇస్తారు. బారు తెరిచి ఉండేది రిసార్టు దీవుల్లో, టూరిస్టుల సఫారీ పడవల్లో. అందుకని మన మేనేజరుకు వీధిలో హోర్డింగు లేదు, కొట్టు మీద స్టిక్కరు లేదు. మాలేలో టాక్సీ అతను “ఏం బిజినెస్ సార్?” అని అడిగితే “బెవరేజెస్” అని గొణిగి కిటికీలోంచి బయటికి చూస్తాడు.

దేశం మొత్తంలో దీవులు సుమారు 1,190. లోకానికవి పగడపు దిబ్బలు, ఇతనికి ఫ్రిజ్‌లు. ఆఫీసు గోడ మీది మ్యాపులో ఆకుపచ్చ పిన్ను పడినవి తనవి, ఎర్ర పిన్నువి పోటీ కంపెనీవి. “బా అటోల్ చాలా అందంగా ఉంటుందటగా?” అని ఎవరైనా అడిగితే, “ఏం అందం లెండి, అన్నీ హనీమూన్ జంటలే, వైన్ తాగి పడుకుంటారు” అంటాడు. సూర్యాస్తమయాన్ని కూడా హ్యాపీ అవర్ మొదలయ్యే టైముగానే గుర్తుపడతాడు.

1972లో కురుంబాతో మొదలైన రిసార్టులు ఇప్పుడు 150 దాటాయి. ఒక దీవికి ఒక రిసార్టు. అక్కడికి చేరిన టూరిస్టు వీధి చివర ఇంకో కొట్టు చూసుకుందామంటే వీధే ఉండదు, పోసింది తాగాల్సిందే. అందులోనూ ఆల్ ఇన్‌క్లూజివ్ ప్యాకేజీ వాళ్ళు డబ్బంతా ముందే కట్టేసి వస్తారు కాబట్టి బ్రాండు పేరెత్తరు, “ఒక బీరు” అంటారంతే. బార్టెండరు చెయ్యి ఏ ట్యాపు మీద పడితే అదే వాళ్ళ బ్రాండు. ఆ ట్యాపు ఎవరిదో తేల్చేది రిసార్టులో తిండీ తాగుడూ చూసుకునే ఎఫ్ అండ్ బీ మేనేజరు. కంపెనీ ప్రచార చిత్రంలో కేరింతలు కొట్టే యువతరం ఎంత మంది ఉన్నా, మన మేనేజరుకు దేవుడు మాత్రం ఆయన ఒక్కడే. ఆయనకు నైవేద్యాలు: ఫ్రిజ్ ఉచితం, గొడుగులు ఉచితం, ఐసు బకెట్లు ఉచితం. ఆయన కొడుకు పుట్టినరోజు ఇతని ఫోనులో మోగుతుంది. సొంత కొడుకుది భార్య ఫోన్ చేసి చెప్పాలి. ఇంతా చేశాక దేవుడుగారికి దుబాయిలో మంచి ఉద్యోగం వస్తుంది. కొత్త దేవుడికి మళ్ళీ కొత్త ఫ్రిజ్.

ఇక సరుకు దించే రోజు చూడాలి ఇతని అవస్థ. ధోనీ పడవ జెట్టీకి చేరుతుంది, కూలీలు కార్టన్లు ఎండలో పేర్చి టీకి వెళతారు. ఒక కార్టన్ మూల చిరిగి సీసాలు బయటికి తొంగిచూస్తుంటాయి. ఇతని బీరు ఆకుపచ్చ సీసాలో వస్తుంది. వెలుతురు తగిలితే హాప్స్ చేదు విరిగి బీరు కంపు కొడుతుంది. గోధుమరంగు సీసా ఆ వెలుతురును చాలావరకు ఆపుతుంది, ఆకుపచ్చది అంతగా ఆపలేదు. దాంతో మన మేనేజరు బీచికి పరిగెత్తి, తన కంపెనీ ఇచ్చిన గొడుగును ఓ జర్మన్ దంపతుల నెత్తి మీద నుంచి పీక్కొచ్చి సీసాలకు పడతాడు. దంపతులు ఎర్రగా కాలుతుంటే, “సారీ, క్వాలిటీ కంట్రోల్!” అని అరుస్తాడు.

తరువాత బారుకు వెళ్ళి, ఎవరూ చూడకుండా ఫ్రిజ్‌లో తన సీసాలు ముందు వరసకు లాగి, బొమ్మలు బయటికి తిప్పి, ఎర్ర పిన్ను వాళ్ళవి వెనక్కి తోస్తాడు. శ్రీలంక బార్టెండరు గ్లాసు తుడుచుకుంటూ అంతా చూస్తూనే ఉంటాడు.

“కష్టపడకు మచాన్, రేపు మళ్ళీ మారిపోతాయి.”

“ఎవరు మారుస్తారు?”

“పోటీ కంపెనీ ఆయన వచ్చేది రేపేగా.”

రిసార్టు వాళ్ళిచ్చే లెక్కలు ఇతను నమ్మడు. సిబ్బంది క్వార్టర్ల వెనక, ఖాళీ సీసాలు పిండిచేసే మిషను దగ్గర గాజు కుప్పను పరిశీలిస్తాడు. కుప్ప పచ్చగా ఉంటే ఆ పూట భోజనం సహిస్తుంది. గోధుమరంగు తేలితే అసిడిటీ మాత్ర వేసుకుంటాడు. సీప్లేన్లు చీకటి పడ్డాక ఎగరవు గనక, కుప్ప ముందు ఎక్కువసేపు శోకించడానికీ వీల్లేదు.

2023లో ఆ దీవులకు అందరికన్నా ఎక్కువగా వచ్చింది మనవాళ్ళే. ఆ ఊపులో బటర్ చికెన్ పక్కన సీసా పెట్టి పోస్టర్లు వేయించాడు. 2024 జనవరిలో రెండు దేశాల మధ్య మాటామాటా పెరిగి మనవాళ్ళు తగ్గారు, చైనావాళ్ళు మొదటి స్థానానికి వచ్చారు. ఇతను ఏ దేశాన్నీ ఏమీ అనలేదు. పోస్టరులో బటర్ చికెన్ తీయించి నూడుల్స్ పెట్టించాడు. సీసా మాత్రం అంగుళం కూడా కదల్లేదు.

ఆ గొడవలోనే హెడ్ ఆఫీసు దొరగారికి లక్షద్వీప్ పేరు చెవిన పడింది. ఆయన వెంటనే ఇతనికి ఫోన్ చేశాడు.

“అక్కడ 36 దీవులున్నాయట?”

“ఉన్నాయి సార్. మద్యనిషేధం కూడా ఉంది. బంగారం అనే దీవికి మాత్రం మినహాయింపు.”

“అయితే మార్కెట్ వాటా ఎంత రావచ్చు?”

“నూటికి నూరు సార్, ఫ్రిజ్ మనదైతే.”

“వాళ్ళకు ఫ్రిజ్ ముందే ఉంటే?”

“రెండోది ఇద్దాం సార్, ఉచితంగా!”