హెవీ లైసెన్సు అభ్యర్థి: లక్షణ నిరూపణ

తెలుగునాట లారీ నడపడం రానివారు హెవీ లైసెన్సు పరీక్షకు సిద్ధం కావడం అరుదు. నడపడం బాగా వచ్చి, ఆ సంగతి ప్రభుత్వానికి మాత్రం ఇంకా తెలియనివారు పట్టే వ్రతం అది. ‘హెవీ’ అనగా భారీ సరుకు రవాణా వాహనం. 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం సరుకుతో కలిపి 12,000 కిలోలకు మించి తూగే బండి ఈ తరగతిలోకి వస్తుంది. అభ్యర్థి సాధారణంగా ఏళ్ల తరబడి క్లీనరుగా పనిచేసినవాడు. అద్దాలు తుడవడం, టైరును రాడ్డుతో కొట్టి మోతను బట్టి గాలి ఎంతుందో చెప్పడం, పట్టా కప్పి తాళ్లు బిగించడం, బండి వెనక్కి వెళ్లేటప్పుడు డ్రైవరుకు కళ్లుగా నిలవడం వంటి విద్యలన్నీ గడించి, కీసర టోల్‌గేటు దాటాక గురువు కునుకు తీసే వేళ స్టీరింగు పట్టి, సూర్యాపేట వచ్చేసరికి మళ్లీ క్లీనరైపోయే ద్విపాత్రాభినయంలో ఆరితేరినవాడు.

చట్టం మాత్రం ఇతని కథను ఓనమాల నుంచి చెప్పమంటుంది. తేలికపాటి మోటారు వాహనానికి, అంటే వాడుకలో ఎల్‌ఎంవీ అనే కారు తరగతికి, లైసెన్సు పొంది కనీసం ఏడాది గడిస్తే తప్ప రవాణా వాహనం నేర్చుకునే అనుమతిపత్రం, అనగా ఎల్‌ఎల్‌ఆర్, ఇవ్వరాదని ఏడో సెక్షను శాసించింది. అందువల్ల గుంటూరు మిర్చియార్డు దగ్గర రెండు లారీల సందులోకి పది టైర్ల బండిని వెనక్కి దూర్చగల మనిషి డ్రైవింగ్ స్కూలు వారి చిన్నకారులో మోకాళ్లు ముడుచుకుని కూర్చోవలసి వస్తుంది. కారులో ఇతని అవస్థ వర్ణనాతీతమే అయినా కొంత వర్ణించక తప్పదు. రోడ్డు ముఖానికి మరీ దగ్గరగా కనిపించి బెదిరిస్తుంది. ఎడమ సందులోకి తిరగవలసినప్పుడు, వెనక టైర్లు కాలువలో పడతాయేమోనన్న పాత భయంతో ముందు కుడివైపు రోడ్డంతా ఆక్రమించి ఆ తరువాత తిప్పుతాడు. గేరు మార్చినప్పుడల్లా డబుల్ క్లచ్ వేస్తాడు, అనగా క్లచ్చి తొక్కి గేరును న్యూట్రలుకు తెచ్చి, వదిలి, మళ్లీ తొక్కి తరువాతి గేరు వేస్తాడు, ఇది పాతకాలపు లారీ గేరుబాక్సులకు తప్పనిసరి అయిన పద్ధతి. కారు ఈ మర్యాదలకు అలవాటు పడినది కాదు కనుక ఠక్కున ఆగిపోతుంది. వయసులో ఇతనికన్నా బాగా చిన్నవాడైన శిక్షకుడు ‘మెల్లగా అన్నా, ఇది కారు’ అంటాడు, ఆ మాట వారం రోజులపాటు ఇతనికి అన్నం సహించనివ్వదు.

ఏడాది నిరీక్షణలో అభ్యర్థి న్యాయశాస్త్రం వైపు మళ్లుతాడు. రవాణా లైసెన్సుకు ఎనిమిదో తరగతి ఉత్తీర్ణత ఉండాలన్న నిబంధనను 2019లో తొలగించిన సంగతి ఇతనికి తేదీతో సహా తెలుసు, ఏడో తరగతిలో బడి వదిలిన తన ముందుచూపుకు కేంద్ర ప్రభుత్వమే ముద్ర వేసినట్లు చెప్పుకుంటాడు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం ఎల్‌ఎంవీ లైసెన్సు ఉన్నవారు 7,500 కిలోల లోపు రవాణా వాహనాలను నడపవచ్చునని తేల్చినప్పుడు, ఆటోనగర్ టీకొట్టు దగ్గర ‘ఇంక హెవీతో పనిలేదు, కోర్టు కొట్టేసింది’ అని ప్రకటించి నలుగురికి టీ ఇప్పించినవాడూ ఇతడే. తాను ఎక్కే పది టైర్ల లారీకి 2018 సవరణ తరువాత 28,500 కిలోల మొత్తం బరువు అనుమతించారని, అది 7,500 కన్నా కొంచెం ఎక్కువని ఎవరో గుర్తుచేశాక మాత్రం తీర్పుల ప్రస్తావన తగ్గుతుంది, టీ డబ్బులు తిరిగి రావు.

అసలు చదువు రోడ్డు గుర్తులతో మొదలవుతుంది. ఈ గుర్తులు మూడు రకాలు: వృత్తంలో ఉన్నవి చాలావరకు తప్పనిసరి ఆజ్ఞలు, త్రిభుజంలో ఉన్నవి హెచ్చరికలు, దీర్ఘచతురస్రంలో ఉన్నవి సమాచారం, ఎనిమిది భుజాల ‘ఆగుము’, తలకిందుల త్రిభుజంలోని ‘దారి ఇవ్వుము’ ఆజ్ఞల జాతిలోనివే అయినా వేరే ఆకారం ధరించినవి. ఈ వర్గీకరణ ఎంత హేతుబద్ధమైనదైనా అభ్యర్థి బుర్రకు ఎక్కదు, ఎందుకంటే అక్కడ అంతకుముందే వేరొక వర్గీకరణ పాతుకుపోయి ఉంది. ప్రతి గుర్తునూ అది నిలబడిన ఊరితో కలిపి గుర్తుపెట్టుకున్నవాడితడు. ఆరో తరగతి చదివే కూతురు పుస్తకం పట్టుకుని పరీక్షాధికారి హోదాలో ‘నాన్నా, ఇదేంటి?’ అని అడిగితే ‘నందిగామ’ అని తడుముకోకుండా చెబుతాడు. ‘అది ఊరు నాన్నా, గుర్తు చెప్పు’ అంటే, ‘ఆ గుర్తు దాటాక ఎడమచేతి పక్కన దాబా ఉంటుంది, పప్పు బాగుంటుంది’ అని సమాధానాన్ని విస్తరిస్తాడు. ‘మార్కులు పప్పుకి వేయరయ్యా’ అని వంటింట్లోంచి భార్య అందుకుంటుంది. ఈ దృశ్యాన్ని చూసి పొట్టపట్టుకుని నవ్వే పట్టభద్రులైన బావమరుదులను తలకిందుల త్రిభుజానికి అర్థమేమిటని ఎవరూ అడగరు. అడిగితే నవ్వు ఎటువైపు తిరుగుతుందో ఊహించడం కష్టం కాదు, వారంతా కారు లైసెన్సులు జేబులో పెట్టుకుని తిరుగుతున్నవారే.

కంప్యూటరు ముందు జరిగే ప్రశ్నల పరీక్షలో అరవై శాతం సరైన జవాబులు వస్తే చాలు, కానీ ప్రశ్నలు ఏ లోకానికి చెందినవో ఇతనికి అంతుపట్టదు. ఇరుకు వంతెన మీదికి ఎదుటి నుంచి వాహనం వస్తుంటే ఏం చేయాలన్న ప్రశ్నకు లైట్లు వేసి ముందు దూరడమన్నది ఇతని అనుభవం చెప్పే జవాబు. ఆగి, ఎదుటివాడు దాటాక వెళ్లడమన్నది పుస్తకం చెప్పే జవాబు. ‘అట్లా ఆగితే తెల్లారేదాకా అక్కడే ఉండాలి’ అన్న వాదం నిజమే కావచ్చు గాని తెరమీద ఆ వాదానికి గడి లేదు. చివరికి ఒక సీనియర్ ఉపదేశించిన సూత్రం ఇతనిని గట్టెక్కిస్తుంది: జవాబుల్లో ‘ఆగాలి’ అన్నది ఎక్కడ కనిపిస్తే అక్కడ నొక్కడం. రోడ్డు మీద ఎన్నడూ ఆగని మనిషి తెరమీద ప్రతి చోటా ఆగి ఉత్తీర్ణుడవుతాడు.

ఇక మిగిలింది ట్రాకు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమావళిలోని పదిహేనో నియమం డ్రైవింగు పరీక్షలో చూపవలసిన పనులను వరుసగా పేర్కొన్నది. వాటిలో అద్దం సరిచేసుకోవడం మొదటిది కాగా, ఎత్తు మీద ఆపిన బండిని వెనక్కి జారనీయకుండా కదిలించడం, ఇరుకు చోటులోకి రివర్సులో తీసుకెళ్లడం ముఖ్యమైనవి. ఎత్తు మీద ఆగినప్పుడు ఏం చేస్తావని శిక్షకుడు అడిగితే ‘క్లీనర్ని దించి టైరు కింద రాయి పెట్టిస్తా’ అని అభ్యర్థి నిజాయితీగా చెబుతాడు, హ్యాండ్‌బ్రేకు ప్రస్తావన దానికి ఎంతో తరువాత వస్తుంది. డ్రైవింగ్ స్కూలు వారి ఖాళీ లారీ మరొక చిక్కు తెస్తుంది; లోడు బండి బ్రేకుకు అలవాటైన కాలు ఖాళీ బండి బ్రేకును అదే బలంతో తొక్కడం వల్ల లారీ ఎగిరిపడి ఆగి, డ్యాష్‌బోర్డు మీది దేవుడి పటం ఒళ్లో వచ్చి పడుతుంది.

రివర్సులో మాత్రం ఇతనిని చూసి తీరాలి. ఇంతకాలం వెనక నిలబడి ‘రానీ, రానీ, లెఫ్టు కొట్టు, కొంచెం రానీ, హోల్డాన్’ అని అరిచినవాడు ఇతడే గనుక, ఇప్పుడు వెనక ఎవరూ లేని సీటులో కూర్చుని, తెల్లవారుజామున ఖాళీ ట్రాకు మీద, ఆ అరుపులన్నీ తానే అరుస్తూ తానే స్టీరింగు తిప్పుతాడు, తన ‘హోల్డాన్’కు తానే ఉలిక్కిపడి బ్రేకు తొక్కుతాడు. పరీక్ష రోజున కొత్తగా ఇస్త్రీ చేసిన చొక్కాతో, నిమ్మకాయ టైరు కింద పెట్టనివ్వలేదన్న దిగులుతో హాజరై, పక్కన మోటారు వాహనాల తనిఖీ అధికారి, జనం నోట బ్రేకు ఇన్‌స్పెక్టరు, కూర్చుని ఉండగా కూడా గొంతు తగ్గించి ‘రానీ, రానీ’ అంటూనే ఉంటాడు. ఎవరితో మాట్లాడుతున్నావని అధికారి అడిగితే ‘క్లీనరుతో సార్’ అన్న జవాబు వస్తుంది, బండి మాత్రం గీతకు తగలకుండా జానెడు ఎడంలో ఆగుతుంది.

ఈ విధంగా సాధించిన రవాణా లైసెన్సు 2019 సవరణ ప్రకారం ఐదేళ్లు చెల్లుతుంది. ఇంత కష్టపడి తెచ్చుకున్న కార్డును మామూలుగా జేబులో పెట్టుకుని తిరగడం అపచారమని భావించి, అభ్యర్థి దానిని భార్య పట్టుచీరల మడతలో బీరువాలో దాచి, లారీలో జిరాక్సు కాపీ పెట్టుకుంటాడు. డిజీలాకర్‌లోని లైసెన్సు అసలుతో సమానమేనని 2018లోనే కేంద్రం చెప్పిందని కూతురు వివరించి ఫోనులో ఎక్కించి ఇచ్చినా, ఫోను పోతే లైసెన్సు పోయినట్లేనని వాదించి దానిని వెంటనే తీయించేస్తాడు. దారిలో తనిఖీవారు ఆపి ఒరిజినల్ అడిగినప్పుడు ‘ఇంట్లో ఉంది సార్, బీరువాలో’ అని కొంత గర్వంగానే చెబుతాడు. తాళంచెవి ఎవరి దగ్గరుందో వారు అడగరు, ఇతడు చెప్పడు, చలానా మాత్రం రాస్తారు.