కోచ్‌గారి బుర్రకు మార్కులు

నార్త్ కరోలినాలో కేరీ చుట్టుపక్కల కాపురం పెట్టిన తెలుగువాడు గోంగూర దొరక్కపోయినా బతగ్గలడు గాని, మార్చి నెలలో కాలేజీ బాస్కెట్‌బాల్ మీద ఓ అభిప్రాయం లేకుండా బతకలేడు. డర్హమ్‌లో డ్యూక్, చాపెల్ హిల్‌లో కరోలినా, రాలీలో ఎన్‌సీ స్టేట్. కారెక్కితే మూడూ అరగంట దూరమే. వేంకటేశ్వరస్వామి గుడి పార్కింగులో పులిహోర కప్పు పట్టుకుని నిలబడ్డ గుంపులో హెచ్1బీ కబుర్లు చల్లారగానే ఎవరో ఒకరు అందుకుంటారు: "నిన్న ఆఖర్లో ఆ టైమవుట్ ఎందుకు తీసుకున్నాడండీ? మనిషికి బుర్రుందా?" ఇక చూడండి. ఆ బంతిని పార్కులో పిల్లల కోసం ఏరి ఇవ్వడం తప్ప ఎన్నడూ ముట్టనివాళ్లంతా, నలభై ఏళ్లుగా అదే పనిలో ఉన్న మనిషికి మార్కులు వేయడం మొదలుపెడతారు.

మార్కులు వేయడం మీద నాకు పేచీ లేదు. వేసే పద్ధతి మీదే పేచీ. గెలిస్తే చాణక్యుడు, ఓడితే దద్దమ్మ. మధ్యలో గ్రేడింగ్ లేదు. బంతి రింగు మీద రెండుసార్లు దొర్లి ఇటు పడితే ఒక తీర్పు, అటు పడితే ఇంకో తీర్పు. అంటే మనం మార్కులు వేస్తున్నది కోచ్‌కి కాదు, ఇనప రింగుకి.

మా మామగారు తెనాలి వైపు జిల్లా పరిషత్ హైస్కూళ్లలో డ్రిల్లు మాస్టారుగా చేసి రిటైరయ్యారు. ఆర్నెల్ల వీసా మీద వచ్చి, మా సోఫాలో కూచుని, మొదటి మ్యాచ్ పది నిమిషాలు చూసి అడిగిన మొదటి ప్రశ్న: "అల్లుడుగారూ, ఆ గీత పక్కన నిలబడి కేకలేస్తున్నాయన జీతం ఎంతుంటుందండీ?" చెప్పాను. ఈ దేశంలో చాలా రాష్ట్రాల్లో సర్కారు జీతగాళ్లందరిలోకీ ఎక్కువ జీతం కాలేజీ ఫుట్‌బాల్ కోచ్‌దో బాస్కెట్‌బాల్ కోచ్‌దో. గవర్నరు ఆయన దరిదాపుల్లోకి రాడు. సర్వీసంతా ఒక ఇంక్రిమెంటు కాగితం వెంట పడి తిరిగిన మనిషి, కాసేపు మాట్లాడలేదు. తర్వాత కళ్లజోడు తుడుచుకుని, "అయితే ఆయనకి వ్యూహం తెలిసే ఉంటుంది" అని తేల్చేశారు. ఇదీ ఒక కొలమానమే. యూనివర్సిటీల పాలకమండళ్లు వాడేదీ దాదాపు ఇదే.

నేను వేరే పరీక్ష పెట్టాను. పాత మ్యాచ్ యూట్యూబ్‌లో పెట్టడం, కోచ్ నిర్ణయం తీసుకున్న క్షణంలో ఆపేయడం, "ఇప్పుడు మార్కులు వేయండి" అనడం.

మొదటి ప్రశ్నపత్రం 2010 జాతీయ టోర్నమెంటు ఫైనల్. ఇండియానాపొలిస్‌లో డ్యూక్, బట్లర్. బట్లర్‌ది ఆ ఊరే, చిన్న కాలేజీ. ఆట ఇంకా 3.6 సెకన్లుంది. డ్యూక్ ఒక్క పాయింటు ముందుంది, బ్రయన్ జూబెక్ అనే ఏడడుగుల కుర్రాడు రెండు ఫ్రీ త్రోలు వేయడానికి గీత మీద నిలబడ్డాడు. మొదటిది పడింది, 61-59. అప్పుడు కోచ్ కే (డ్యూక్ కోచ్ మైక్ షషెఫ్‌స్కీని ఇక్కడ అందరూ పిలిచే పేరదే) రెండోది కావాలనే పోగొట్టమన్నాడు. అక్కడ ఆపాను.

మామగారు ఎగిరిపడ్డారు. "ఉచితంగా ఇచ్చే పాయింటు వద్దంటాడా? మా స్కూల్లో ఎవడైనా ఇలా చేస్తే గుంజీళ్లు తీయించేవాణ్ణి." లెక్క వివరించాను. బట్లర్ దగ్గర టైమవుట్లు లేవు. రెండోదీ పడితే వాళ్లు తాపీగా గీత బయటినుంచి బంతి అందుకుని, గడియారం కదలకుండానే ముందుకు పొడుగ్గా విసిరి ఏదో ఒక ఎత్తు వేయొచ్చు. పోతే, రీబౌండ్ చేతికందిన క్షణంలోనే గడియారం నడుస్తుంది. సగం కోర్టు నుంచి గుడ్డిగా విసరడం తప్ప దారి ఉండదు. కాకపోతే ఒక చిక్కు. మూడు పాయింట్ల తేడా ఉంటే ఆ గుడ్డి విసురు పడ్డా ఆట సమం అవుతుంది, అంతే. రెండే తేడా ఉన్నప్పుడు పడితే కొంప మునుగుతుంది. "ఇప్పుడు చెప్పండి మామయ్యగారూ, నూటికి ఎన్ని?"

ఆయన చాలాసేపు ఆలోచించి, "ముందు ఆ బంతి పడిందో లేదో చెప్పండి, తర్వాత వేస్తాను" అన్నారు.

బాస్కెట్‌బాల్ విమర్శ అంతా ఈ ఒక్క మాటలో ఉంది.

పడలేదు. గోర్డన్ హేవర్డ్ సగం కోర్టు నుంచి విసిరింది బోర్డుకు తగిలి, రింగుకు తగిలి, బయటికి పోయింది. కోచ్ కేకి నాలుగో టైటిల్. మామగారు డెబ్బై మార్కులు వేశారు. ఆ బంతి ఇంకో రెండంగుళాలు ఇటు పడి ఉంటే ఎన్ని వేసేవారో ఆయన ముఖమే చెప్పింది.

కోచ్ కే 2022లో రిటైరయ్యేనాటికి 1202 విజయాలు, అయిదు టైటిళ్లు. మొదటి మూడేళ్లలో డ్యూక్‌లో ఆయన రికార్డు 38 గెలుపులు, 47 ఓటములు. 1983లో వర్జీనియా చేతిలో 109-66తో చిత్తయ్యాక, పంపించేయమని డబ్బున్న పెద్దలు గోల చేశారు. ఇటు చాపెల్ హిల్‌లో కరోలినా కోచ్ డీన్ స్మిత్ కథా అంతే. 1965లో ఒక ఓటమి తర్వాత విద్యార్థులు ఆయన దిష్టిబొమ్మను చెట్టుకు వేలాడదీశారు. ఇప్పుడు అదే క్యాంపస్‌లో ఆట జరిగే భవనానికి ఆయన పేరు. దిష్టిబొమ్మలు కట్టడంలో మనకున్న అనుభవం ఎవరికీ లేదనుకునే మామగారికి ఈ సంగతి బాగా నచ్చింది.

డీన్ స్మిత్ అనగానే మా పక్కింటి కరోలినా భక్తుడు 'ఫోర్ కార్నర్స్' గురించి కళ్లు అరమోడ్చి మాట్లాడతాడు. ఆధిక్యం రాగానే నలుగుర్ని నాలుగు మూలలకు పంపి, అయిదోవాడు మధ్యలో బంతి తిప్పుతూ కాలక్షేపం చేయడం. అప్పట్లో షాట్ క్లాక్ (ఇన్ని సెకన్లలోగా బంతి వేసి తీరాలనే గడియారం) లేదు కాబట్టి చట్టరీత్యా నేరం కాదు, చూసేవాళ్లకి శిక్ష మాత్రమే. 1979 ఫిబ్రవరిలో డ్యూక్ మీద ఈ సాగదీత ఎంతవరకు వెళ్లిందంటే, సగం ఆట అయ్యేసరికి స్కోరు 7-0. ఆ సున్నా కరోలినాదే. రెండో సగంలో మామూలుగా ఆడారు, ఇద్దరికీ చెరో 40 వచ్చాయి. 47-40తో ఓడారు. అంటే ఓడిన తేడా అక్షరాలా వ్యూహం ఖరీదే. ఇంత కచ్చితంగా బిల్లు వచ్చిన వ్యూహం మరొకటి నాకు తెలీదు. అయినా డీన్ స్మిత్‌కి నేను మంచి మార్కులే వేస్తాను. ఎందుకంటే ఇలాంటి సాగదీతలతో జనం విసిగి, 1985-86 సీజన్ నుంచి కాలేజీ ఆటలో 45 సెకన్ల షాట్ క్లాక్ పెట్టారు. తర్వాత 35, ఇప్పుడు 30. ఆపడానికి రూలు రాయాల్సి వచ్చిందంటే, వ్యూహం పనిచేసినట్టే లెక్క.

ఇక ఆయన గెలిచిన రెండు టైటిళ్లూ న్యూ ఆర్లీన్స్ సూపర్‌డోమ్‌లోనే. 1982లో చివరి క్షణాల్లో జార్జ్‌టౌన్ కుర్రాడు ఫ్రెడ్ బ్రౌన్ తనవాడనుకుని బంతిని కరోలినా ఆటగాడు జేమ్స్ వర్తీ చేతిలో పెట్టాడు. 1993లో మిషిగన్ కుర్రాడు క్రిస్ వెబర్ లేని టైమవుట్ అడిగి టెక్నికల్ ఫౌల్ తెచ్చుకున్నాడు. పక్కింటి భక్తుడి వాదన ప్రకారం ఈ రెండూ డీన్ స్మిత్ ఒత్తిడి వ్యూహ ఫలితాలే. సూపర్‌డోమ్ వాస్తు సంగతి ఆయన చెవిన ఇంకా ఎవరూ వేయలేదు.

మన ఇళ్లలో బాగా వినబడే కథ మాత్రం వేరే. బాల్టిమోర్ దగ్గరి యూఎంబీసీ, న్యూజెర్సీలో ఫెయిర్లీ డికిన్సన్ అంటే తెలుగువాళ్లకి ఎమ్మెస్ అడ్మిషన్లు, ఐ-20లు గుర్తొస్తాయి. కంప్యూటర్ సైన్స్ ఉంది, బాస్కెట్‌బాల్ కూడా ఉందని అక్కడ చదివిన మా తమ్ముడి బ్యాచ్‌లో చాలామందికి తెలీదు. మగవాళ్ల జాతీయ టోర్నమెంటులో అట్టడుగు పదహారో సీడు ఒకటో సీడును ఓడించడం ఇప్పటికి రెండుసార్లే జరిగింది. ఆ రెండు జట్లూ ఇవే.

2018కి ముందు 135 మ్యాచ్‌ల్లో 135 ఒకటో సీడే గెలిచింది. ఆ మార్చి 16న టోనీ బెనెట్ కోచింగ్‌లోని వర్జీనియాని యూఎంబీసీ 74-54తో మట్టి కరిపించింది. వర్జీనియా ఆ సీజన్లో దేశంలో అందరికంటే తక్కువ పాయింట్లు ఇచ్చిన జట్టు. వాళ్ల 'ప్యాక్ లైన్' డిఫెన్స్ బెనెట్ తండ్రి డిక్ బెనెట్ కనిపెట్టింది. రింగు చుట్టూ దడి కట్టి, దూరంనుంచి వేసుకోండిరా అని వదిలేయడం దాని సారం. యూఎంబీసీ కుర్రాళ్లు అలాగే దూరంనుంచి వేశారు. పడ్డాయి. తెల్లారేసరికి దేశమంతా బెనెట్‌కి వ్యూహం రాదని తేల్చింది. వర్జీనియా ముఖ్య ఆటగాడు డియాండ్రే హంటర్ మణికట్టు విరిగి బెంచీ మీద కూచున్నాడన్న సంగతి ఆ తీర్పులో ఎక్కడా రాలేదు.

మరుసటేడు అదే బెనెట్, అదే ప్యాక్ లైన్. సెమీఫైనల్లో ఆబర్న్ మీద రెండు పాయింట్లు వెనకబడి, ఇంకా 0.6 సెకన్లుండగా ఫౌల్ దొరికింది. కైల్ గై మూడు ఫ్రీ త్రోలూ వేశాడు, 63-62. ఫైనల్లో హంటర్ 27 పాయింట్లు కొట్టాడు, టైటిల్ వచ్చింది. తెల్లారేసరికి బెనెట్ మేధావి. ఈ ఏడాదిలో ఆయన బుర్రలో ఏం మారిందని మామగారు అడిగారు. ఒక మణికట్టు అతుక్కుందండీ, అన్నాను. ఫెయిర్లీ డికిన్సన్ కథ క్లుప్తంగా చెబుతాను: 2023లో డివిజన్ వన్‌లోకెల్లా పొట్టి జట్టు, 7 అడుగుల 4 అంగుళాల జాక్ ఈడీ ఉన్న పర్డూని 63-58తో ఓడించింది. పర్డూ కోచ్ మ్యాట్ పెయింటర్‌ని అందరూ ఉతికి ఆరేశారు. మరుసటేడు ఆయనే ఫైనల్ దాకా వెళ్లాడు.

ఇలా ఊగిసలాడకుండా లెక్క కట్టే ప్రయత్నమూ ఉంది. వాతావరణ శాఖలో పనిచేసిన కెన్ పొమెరాయ్ అనే ఆయన అన్ని జట్లకూ పట్టిక తయారుచేశాడు. వంద పొసెషన్లకు (బంతి చేతికొచ్చిన దఫాలకు) ఎన్ని పాయింట్లు తెచ్చుకున్నారు, ఎన్ని ఇచ్చారు, ప్రత్యర్థి ఎంతటివాడు అన్నీ సరిచూస్తాడు. మామగారికి ఆ పట్టిక చూపిస్తే క్షణంలో అర్థమైంది. "ఆదాయం, వ్యయం! మన ఉగాది పంచాంగమే కదండీ ఇది" అన్నారు. నిజమే. టోర్నమెంటు సాగేది కూడా ఉగాది రోజుల్లోనే. పైగా పొమెరాయ్ పట్టికలో అదృష్టం అని విడిగా ఒక వరస ఉంది. పాయింట్ల లెక్క ప్రకారం రావలసిన గెలుపులకన్నా ఎన్ని ఎక్కువొచ్చాయో అది చెబుతుంది. కోచ్‌కి మార్కులు వేసేవాడు ముందు చూడాల్సిన వరస అదే. రాజపూజ్యం, అవమానం వరసలు కూడా చేర్చమని ఆయనకి ఉత్తరం రాయమన్నారు మామగారు. ఇంకా రాయలేదు.

2024లో మా రాలీ వంతు వచ్చింది. ఎన్‌సీ స్టేట్ కోచ్ కెవిన్ కీట్స్. సీజన్ ఆఖర్లో వరసగా నాలుగు ఓడి, ఉద్యోగం ఊడేలా ఉంది. ఏసీసీ (ఈ చుట్టుపక్కల కాలేజీలాడే లీగు) టోర్నమెంటులో టైటిల్ కావాలంటే అయిదు రోజుల్లో అయిదు గెలవాలి. నాలుగో రోజు సెమీఫైనల్లో వర్జీనియా 58-55తో ముందుంది, ఆట ఇంకా అయిదారు సెకన్లుంది, ఫ్రీ త్రో వాళ్లదే. పడితే కీట్స్ ఇంటికే. పడలేదు. అవతల కోచ్ మన టోనీ బెనెటే. మూడు పాయింట్లు ముందున్నప్పుడు కావాలని ఫౌల్ చేసి, త్రీ పాయింటర్‌కి వీలు లేకుండా చేయాలా వద్దా అన్నది ఈ ఆటలో తెగని తగాదా. వర్జీనియా చేయలేదు. మైకేల్ ఓకానెల్ పరుగెత్తుకొచ్చి విసిరింది, గంట కొట్టేవేళకి బోర్డుకు తగిలి లోపలికి దిగింది. ఓవర్‌టైమ్‌లో గెలిచారు, మర్నాడు కరోలినాని కొట్టి టైటిల్ తీసుకున్నారు, ఆ ఊపులో 1983 తర్వాత మొదటిసారి జాతీయ టోర్నమెంటు ఫైనల్ ఫోర్‌కి వెళ్లారు. గుడి పార్కింగులో కీట్స్ వ్యూహ చాతుర్యం మీద ప్రసంగాలు నడిచాయి. తర్వాతి సీజన్లో 12 గెలుపులు, 19 ఓటములు. 2025 మార్చిలో ఆయన్ని తీసేశారు. అవే నోళ్లు, అదే పార్కింగు, ప్రసంగం మాత్రం కొత్తది.

ఇన్ని మ్యాచ్‌లు చూశాక మామగారు తన పద్ధతి ఒకటి తేల్చుకున్నారు. టైమవుట్‌లో కోచ్ బుల్లి స్టూలు మీద కూచుని తెల్లబోర్డు మీద మార్కర్‌తో సున్నాలు, ఇంటూ మార్కులు గీస్తాడు కదా, ఆయన ఆ గీతల వైపు చూడరు. చుట్టూ వంగి నిలబడ్డ కుర్రాళ్ల కళ్లు చూస్తారు. "ఆ చివరివాడు చూడండి, స్టాండ్స్‌లో వాళ్లమ్మ వైపు చూస్తున్నాడు. వీడు తువ్వాలు కొరుకుతున్నాడు. బోర్డు వైపు ఇద్దరే చూస్తున్నారు. పాఠం ఎంత గొప్పదైతే ఏం లాభం?" అంటారు. టైమవుట్ తర్వాత అయిదుగురూ ఒకే ఆట ఆడితే మంచి మార్కులు, అయిదుగురూ అయిదు ఆటలు ఆడితే సున్నా. బంతి పడిందా లేదా అన్నది ఆయన లెక్కలోకి రాదు. నా పాజ్ బటన్ పరీక్షకన్నా ఇది మెరుగని ఒప్పుకోవడానికి నాకేం నామోషీ లేదు.

వచ్చే మార్చికి ఆయన మళ్లీ వస్తున్నారు. మీరూ రండి, మిరపకాయ బజ్జీలు ఉంటాయి. ఒక్కటే షరతు: కోచ్‌కి మార్కులు బంతి గాల్లో ఉండగానే పైకి చెప్పేయాలి. రింగు తాకాక చెప్పినవి మా ఇంట్లో చెల్లవు.