కాగితపు చుట్టకు టీకా తాత్పర్యం

మూలం:
కాగితంపు చుట్ట గట్టిగా వ్రేలాడ
ముందువైపు కొనయు ముచ్చటగును
వెనుకవైపునున్న వెదకగా జేనొచ్చు
నీళ్ళ చెంబు నాకు నిచ్చి చూడు

అవతారిక: రఘువంశం కొరుకుడుపడని వారికి మన మెతుకుసీమ కొల్చారం మల్లినాథసూరి ఉన్నాడు. అమెరికా నుంచి సెలవులకొచ్చిన మా అల్లుడి బాత్రూముకు వ్యాఖ్యాత కరువై నేను పూనుకున్నాను.

టీక: కాగితంపు చుట్ట = టాయిలెట్ పేపరు. పొగచుట్ట అనుకుని మా బాపు కాసేపు సంబరపడ్డాడు. గట్టిగా = పాదపూరణమంటారు కొందరు. కాదు. ఉస్మాన్‌గంజ్‌లో బేరమాడి తెచ్చిన స్టాండు మూడోనాడే మేకులతో సహా ఊడిందని ఎత్తిపొడుపు. జేనొచ్చు = చేయి నొచ్చును. బాపు మాత్రం 'చేను వచ్చు' అని విరిచాడు. ఆయన చిన్నప్పుడు ఈ పనికి చేనుకే పోయేవారు కనుక ఆ అన్వయాన్నీ కొట్టిపారేయలేం.

తాత్పర్యం: కొన మనిషి వైపుండాలి, గోడ వైపు కాదు.

విశేషాలు: కొన గోడ వైపుంటే పిల్లి లాగినా, పసివాడు లాగినా చుట్టంతా విప్పుకోదని పూర్వపక్షం. మా ఇంట్లో పిల్లి లేదు. పైగా అల్లుడు ఫోనులో ప్రమాణం చూపించాడు: 1891లో ఆల్బనీ వాసి సెత్ వీలర్ తీసుకున్న పేటెంటు బొమ్మ. అందులో కొన ముందువైపే వేలాడుతోంది.

నాకు ఆప్తవాక్యం మాత్రం ఉస్మాన్‌గంజ్‌లోనే దొరికింది. స్టాండు కొంటూ, పక్క కొట్టు ఎండుమిర్చి ఘాటుకు తుమ్ముతూ, రోలు ఎటు పెట్టాలని గుమస్తాను అడిగాను. అతను బిల్లు మిషను మూత తెరిచాడు. "గిట్లనే పెట్టాలె సార్. ఉల్టా పెడితే తెల్లగనే వస్తది, లెక్క పడది." నిజమే, ఆ కాగితానికి పూత ఒకవైపే; వేడి తగిలి నల్లబడేది అటే. రూపాయలు ముడిపడ్డ చుట్ట దగ్గర రెండు మతాల్లేవు.

"అది కాదయ్యా, బాత్రూముది."

"గదా? మస్తు అమ్ముతం సార్. ఎట్ల వాడ్తరో ఎరుక లేదు."

నాలుగో పాదం ప్రక్షిప్తం. మొదటి మూడూ అల్లుడి పక్షాన నేను కట్టినవి; అది మాత్రం తలుపు అవతలి నుంచి బాపు అందుకున్నాడు. యతి కూడా కుదిరింది, ఏం చేస్తాం.

స్టాండు ఊడాక చుట్టను కిటికీలో నిలబెట్టాం. ఇప్పుడు దాని కొన ముందుకూ లేదు, వెనక్కూ లేదు. పక్కనే చెంబు.