ఏకగ్రీవంగా తీర్మానించడమైనది

ఆ మధ్య నన్ను మా ఊరి బడి విద్యా కమిటీలో వేశారు. ‘ఎన్నుకున్నారు’ అని రాయాలి గానీ, ఆ పూట నేను ఊళ్లోనే లేను. మనిషి లేకుండానే అంత నమ్మకం పెట్టుకున్న ఊరి రుణం ఎలా తీర్చుకోవాలో తెలీక, పిలిచినప్పుడల్లా వెళ్లి సంతకం పెట్టొస్తున్నాను.

చట్టం మమ్మల్ని కూర్చోబెట్టిన పీట మాత్రం చిన్నది కాదు. 2009 విద్యా హక్కు చట్టం ప్రకారం కమిటీలో ముప్పాతిక మంది తల్లిదండ్రులే ఉండాలి, మొత్తమ్మీద సగం మంది ఆడవాళ్లు ఉండాలి. బడి అభివృద్ధి ప్రణాళిక మేమే రాయాలి, వచ్చిన డబ్బు ఎటు పోతోందో మేమే కనిపెట్టాలి. అంతకుముందే 1998లో ఉమ్మడి రాష్ట్రం సముదాయ భాగస్వామ్యం కోసం ఒక చట్టం చేసి పెట్టింది. పేర్లకైతే కొదవే లేదు. విద్యా కమిటీ అన్నారు, యాజమాన్య కమిటీ అన్నారు, 2019లో బడులు బాగుచేసే నాడు-నేడు పనులొచ్చినప్పుడు తల్లిదండ్రుల కమిటీ అన్నారు. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ అన్నారు. మా బడిలో మాత్రం ఎన్ని పేర్లు మారినా తీర్మానాల పుస్తకం ఒకటే.

మీటింగు పొద్దున పదకొండింటికి. మిర్చి కోతల రోజుల్లో ఆ వేళకి బడికొచ్చిన తల్లికి ఆ రోజు కూలి పోయినట్టే. అందుకని రాలేనివాళ్ల దగ్గరికి పుస్తకమే వెళ్తుంది. వంటామె కొడుకు దాన్ని సంచిలో వేసుకుని సైకిలెక్కుతాడు. చేను గట్టున రెండు వేలిముద్రలు, రచ్చబండ మీద మూడు సంతకాలు, చివరికి టీకొట్టు దగ్గర ఛైర్మన్‌గారిది. ఛైర్మన్ అంటే నిజానికి ఆయన భార్య. పేరు ఆవిడది, పెన్ను ఆయనది.

ఊరికి బడి మీద ప్రేమ లేదనుకునేరు! పొద్దు గుంకితే చూడాలి మా భాగస్వామ్యం. గేటుకి గేదె, ఆటస్థలం నిండా ఎండు మిర్చి, వరండాలో పేకాట. పెళ్లయితే వంటలు అక్కడే, పొయ్యిలు తవ్వేది అక్కడే. తెల్లారి ప్రార్థనకు ముందు పిల్లలు సీసాలు ఏరి లెక్కపెడతారు. కూడికలు బాగానే వస్తున్నాయి.

2024 డిసెంబర్ 7న ఆంధ్రప్రదేశ్ అంతటా మెగా పేరెంట్ టీచర్ మీటింగు పెట్టినప్పుడు మా బడికీ తోరణాలొచ్చాయి, ఫ్లెక్సీ వచ్చింది. అమ్మలకి ముగ్గులు, నాన్నలకి తాడు లాగుడు. ‘సర్కారు బడిని మనమే బతికించుకోవాలి’ అని వేదిక మీది పెద్దమనిషి గొంతు బొంగురుపోయేలా చెప్తుంటే, ఆయన మనవణ్ణి దింపడానికి కాన్వెంటు పసుపు బస్సు గేటు ముందు ఆగి హారన్ కొట్టింది. ఇక నాన్నల సంగతి. తాడు తెగేదాకా లాగారు. ఆ బలం నాలుగు రోజుల ముందు చూపించి ఉంటే కాలిపోయిన మోటారు బడి బోరులోంచి పైకొచ్చేసేది.

హెడ్మాస్టరుగారిని తిట్టి లాభం లేదు. పిల్లాడికి ఎక్కం రాకపోతే ఎవరూ అడగరు, ఫొటో ఎక్కకపోతే మాత్రం పైనుంచి మెసేజీ. ఆయనకి కావలసింది మా సలహా కాదు, మా తలకాయలు ఫ్రేములో పడటం.

మొన్నటి మీటింగుకి ఓ తల్లి కూలి మానుకుని వచ్చింది. ఆమె కూతురు ఐదో తరగతి. ‘ఇంటర్వెల్లో ఇంటికెళ్లిన ఆడపిల్లలు మళ్లీ రావట్లేదు సార్, దొడ్లో నీళ్లు లేక’ అంది. ‘నోట్ చేసుకున్నామమ్మా’ అన్నారు హెడ్మాస్టరుగారు. పుస్తకంలో తీర్మానం అప్పటికే రాసి ఉంది: ‘మరుగుదొడ్లలో నీటి వసతి సంతృప్తికరంగా ఉన్నదని ఏకగ్రీవంగా తీర్మానించడమైనది.’ నేను చదివాను. చదివే సంతకం పెట్టాను. ఆమెకి చదువు రాదు. స్టాంపు ప్యాడ్ జరిపితే బొటనవేలు అద్ది, చెయ్యి కడుక్కోవడానికి వెనక్కి వెళ్లింది.

కాసేపటికి అదే నీలి వేలితో తిరిగొచ్చింది.

‘పంపులో చుక్క లేదు సార్. ఇందాక ఏం రాశారో, కాస్త చదివి వినిపించండి.’

హెడ్మాస్టరుగారు నా వైపు చూశారు. నేను ఛైర్మన్‌గారి భర్త వైపు చూశాను. ఆయనకి అప్పుడే ఫోనొచ్చింది.