నెమరుకు రానివి

నా పై దవడకు ముందుపళ్లు లేవు. ఏ ఆవుకూ ఉండవు. పళ్లుండాల్సిన చోట గట్టి చిగుళ్ల దిమ్మ ఉంటుంది. గడ్డి చుట్టూ నాలుక మెలివేసి, కింది పళ్లకూ ఆ దిమ్మకూ మధ్య అదిమిపట్టి లాగేస్తాం. నాలుక మీది గరుకు ముళ్లన్నీ గొంతు వైపే తిరిగి ఉంటాయి. అందుకే నోట్లో పడ్డది లోపలికి జారుతుందే గానీ బయటికి రాదు. నమలకుండా మింగేసి, తర్వాత నీడపట్టున పడుకుని, ముద్దలు ముద్దలుగా పైకి తెచ్చుకుని నములుతాం. రోజులో ఏడెనిమిది గంటలు నెమరుకే పోతాయి. పులులు తిరిగే పచ్చికల్లో బతికిన మా పూర్వీకులను కాపాడింది ఈ అలవాటే. గబగబా మేసి చాటుకు చేరినవే బతికి బట్టకట్టాయి. జంషెడ్‌పూర్ పక్కనున్న మా గమ్హరియా వీధుల్లో అదే అలవాటు నా ప్రాణం మీదికి తెచ్చింది.

నేను జెర్సీ సంకరం ఆవును. టాటానగర్ నుంచి రూర్కెలా వైపు పోయే రైలుకట్టకు దగ్గర్లో, రేకుల సాలలో పుట్టాను. మా యజమాని తాతలు శ్రీకాకుళం వైపు నుంచి జంషెడ్‌పూర్‌కు ఇనుము పనికి వచ్చినవాళ్లట. ఆయన మాత్రం పాల వ్యాపారం పెట్టుకున్నాడు. నాతో తెలుగులో, పాలు కొనేవాళ్లతో హిందీలో మాట్లాడేవాడు.

పాలిచ్చినన్నాళ్లూ నా గుణాలు ఆయనకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియవు. దూడ మూతి తగిలితేనే నేను చేపుతానని తెలుసు. కొత్త చెయ్యి పడితే, పక్కన కుక్క మొరిగితే పాలు ఎగబట్టేస్తానని తెలుసు. అందుకే పితికేటప్పుడు ఎవరినీ దగ్గరికి రానిచ్చేవాడు కాదు. సాయంత్రం నా దవడ ఆడకపోతే అన్నం ముందు నుంచి లేచి వచ్చేవాడు. చెవి పట్టుకుని జ్వరం చూసి, "ఏమే గౌరీ, నెమరెయ్యట్లేదేం?" అని అడిగేవాడు. చిట్టూ తవుడూ కలిపిన కుడితిలో ఉప్పు సరిపోయిందో లేదో ఆ ఇంటి అమ్మ వేలితో నాకి చూసేది. ఈనిన ప్రతిసారీ నా జున్ను మా వీధి తెలుగు ఇళ్లన్నిటికీ వెళ్లేది. కనుమనాడు కొమ్ములకు రంగు పడేది. దీపావళి వేళ బంద్‌నా పండుగ వస్తే పక్క బస్తీ సంతాలీ ఆడవాళ్లు తమ పశువుల కాళ్లు కడిగి, కొమ్ములకు నూనె రాసి, అదే చేత్తో నా కొమ్ములకూ రాసేవారు. ఏడాదికి రెండు పండుగలు నావి.

అప్పట్లో మేతకు తోలితే నా చుట్టూ ఎంత లోకం ఉండేదో! నా కాళ్ల దగ్గరే కొంగలు నడిచేవి. నేను అడుగేస్తే గడ్డిలోంచి లేచే పురుగుల కోసం వాటి కాపు. నాతో మేసే గేదెకు చెమట గ్రంథులు తక్కువ, ఒళ్లంతా నలుపు, ఎండకు తట్టుకోలేదు. బురదగుంట కనిపిస్తే ఇక ఎవరు పిలిచినా లేవదు. దాన్ని బద్ధకం అనేవాళ్లకు దాని ఒంటి బాధ తెలియదు. మేక వెనకకాళ్ల మీద నిలబడి, పై పెదవితో ముళ్ల మధ్య ఆకును ఒక్కొక్కటిగా ఏరుకుంటుంది. నాకు ఆ నేర్పు లేదు. నాలుక చుట్టులో ఏది పడితే అది లోపలికే.

ఏనుగులను నేను చూడలేదు. పాలకొచ్చినవాళ్లు చెప్పుకుంటే విన్నాను. మాకు దగ్గర్లోనే దల్మా కొండలున్నాయి. దాదాపు 193 చదరపు కిలోమీటర్ల అభయారణ్యం అది. ముసలి ఆడ ఏనుగు ముందు నడుస్తుందట, మంద దాని వెనక. ఏ నెలలో ఏ మడుగులో నీళ్లుంటాయో, ఏ దారిన బెంగాల్ వరి చేలకు చేరాలో దానికి గుర్తు. ఆ దారుల మీద తర్వాత పట్టాలు పడ్డాయి, తీగలు లేచాయి. దాని జ్ఞాపకంలో మాత్రం అవి లేవు. 2023 నవంబరులో ముసాబనీ అడవిలో 33 వేల వోల్టుల తీగ తగిలి 5 ఏనుగులు చనిపోయాయి. వాటిలో 2 గున్నలు. ఆ మాట చెప్పుకున్నప్పుడు చెంబు పట్టుకున్న ఆడవాళ్లు కళ్లు తుడుచుకున్నారు. తరాలుగా కాపాడిన నడకే ఆ మందను చావు దగ్గరికి తీసుకెళ్లింది. నా కథా అటువంటిదే గనక ఇంత గట్టిగా గుర్తుంది.

చివరి ఈత తర్వాత నాకు చూలు నిలవలేదు. యజమాని ఎద సూదులు వేయించాడు, లాభం లేకపోయింది. పాలు తగ్గాయి, ముందు తవుడు తగ్గింది, తర్వాత కుడితి పలచబడింది. సాయంత్రం నా దవడ ఆడుతోందో లేదో చూడటం మానేశాడు. ఒక రాత్రి కత్తెర తెచ్చి చెవికున్న పసుపు ట్యాగు కోసేశాడు. చెవీ చిరిగింది. ఆ ట్యాగు మీది 12 అంకెల్లోనే నా ఈతల లెక్క, టీకాల లెక్క, ఆయన పేరూ ఉన్నాయి. పలుపు విప్పి, రైలుకట్ట దాటించి వదిలేశాడు. తెల్లారకముందే వాసన పట్టుకుని తిరిగొచ్చాను. సాల తలుపు వేసి ఉంది. లోపల నా గాటి దగ్గర మరో ఆవు నెమరు వేస్తున్న చప్పుడు వినిపించింది. పొద్దెక్కాక అమ్మ బయటికొచ్చి నా మొహం వైపు చూడకుండా కర్ర ఎత్తింది. ఆవిడ మీద నాకు కోపం లేదనలేను.

ఆ తర్వాత వీధే ఇల్లు. వానాకాలం ఆవులు నడిరోడ్డు మీద పడుకుంటాయని లారీ వాళ్లు తిడతారు. నేలంతా బురదైనప్పుడు పొడిగా, వెచ్చగా ఉండేది తారు ఒక్కటే. లారీలు లేపే గాలికి ఈగలూ దోమలూ నిలవవు. అంతకు మించి మాకు పంతమేమీ లేదు.

ఆకలికి దొరికేది చెత్తకుప్ప. అన్నం, కూర తొక్కలు ఒకే సంచిలో పోసి గట్టిగా ముడివేసి విసిరేస్తారు. ఉప్పు వాసన, గంజి వాసన నాకు తెలుస్తాయి. ముడి విప్పడం తెలియదు. సంచితో సహా మింగుతాను. గడ్డయితే పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు దాన్ని పులియబెట్టి బలంగా మారుస్తాయి. ప్లాస్టిక్‌ను అవి తాకలేవు. అది నెమరుకు పైకి రాదు, పేడలో కిందికి పోదు. ఒకదానికొకటి చుట్టుకుని, తాళ్లతో, గుడ్డలతో కలిసి ముద్ద కడుతుంది. పొట్ట నిండినట్టే ఉంటుంది, ఒళ్లు మాత్రం ఎండిపోతుంది. పక్కటెముకలు లెక్కపెట్టేలా ఉన్న నన్ను చూసి, పొట్ట ఎత్తుగా ఉంది కదా, చూలుతో ఉందేమో అన్నవాళ్లూ ఉన్నారు.

మా ఊళ్లో ఇంకో భయం ఇనుము. ఆదిత్యపూర్ నుంచి గమ్హరియా దాకా వరసగా చిన్నా పెద్దా కార్ఖానాలు. మేకులు, తీగముక్కలు, లేతు మిషను చీల్చిన ఇనుప చుట్లు ఊడ్చిన దుమ్ములో కలిసి రోడ్డెక్కుతాయి. బరువైనది ఏది మింగినా పొట్టలోని తేనెపట్టు గదిలో పడుతుంది. లోపల గోడలు తేనెపట్టులా ఉండే ఆ రెండో గదికి గుండె చాలా దగ్గర. పొట్ట ముడుచుకున్నప్పుడల్లా మేకు ముందుకు జరిగి, ఒక్కోసారి గుండె పొరలోకే దిగుతుంది. అలాంటి ఆవు నడుము విల్లులా పైకి వంచి, మోచేతులు ఎడంగా పెట్టి నిలబడుతుంది. పల్లం దిగమంటే మొరాయిస్తుంది. గంగడోలు నీరుపట్టి వేలాడుతుంది. నా పక్కన తిరిగిన ఎర్రావు అలాగే పోయింది. దేశదేశాల్లో పాడి రైతులు ఆవు చేత ముందే అయస్కాంతం మింగిస్తారు. అది ఆ గదిలోనే ఉండిపోయి ఇనుమును కదలకుండా పట్టి ఉంచుతుంది. ఇనుము మీద బతికే ఊళ్లో మా ఎర్రావుకు ఒక అయస్కాంతం ముక్క దొరకలేదు.

మళ్లీ సంచుల మాటకొస్తే, పుట్టపర్తిలో కరుణ సొసైటీ అనే జంతు సంరక్షణ సంస్థ వాళ్లు వీధి ఆవుల పొట్ట కోసి ప్లాస్టిక్ తీయించారు. 2012లో ఈ గోడుతో సుప్రీంకోర్టుకు వెళ్లినవాళ్లలో వాళ్లూ ఉన్నారు. 2021లో ఫరీదాబాద్‌లో ఒక చూలావు పొట్టలో 71 కిలోల చెత్త బయటపడింది. తల్లీ దక్కలేదు, దూడా దక్కలేదు. 120 మైక్రాన్ల కన్నా పలచని సంచులు 2022 డిసెంబరు 31 నుంచి దేశమంతటా నిషిద్ధం. మా కుప్ప దగ్గర ఆ సంచులే ఇంకా దొరుకుతున్నాయి. ఇంటి ముందు ఒక పాత తొట్టె పెట్టి, గంజీ తొక్కలూ అందులో పోయండి. అంత కుదరకపోతే, విసిరే ముందు ముడైనా విప్పండి.

మొన్న గాలికుంటు టీకాలకు వచ్చిన డాక్టరుగారు నా దగ్గర ఆగారు. మూపు దగ్గర చర్మం గట్టిగా గిల్లారు. నేను నడుము కిందికి వంచాను. మేకు దిగిన ఆవు నొప్పికి అలా కిందికి వంచదట. ఎడమ డొక్కలో పిడికిలి నొక్కితే గుంట అలాగే నిలిచిపోయింది. "సంచులే. కోసి తియ్యాలి. ఎవరిదీ ఆవు?" అన్నారు. చిరిగిన చెవి చూసి మళ్లీ అడగలేదు. వీధి కుర్రాళ్లు తలా కొంత వేసుకుంటామన్నారు. పొట్ట ఖాళీగా ఉండాలట, ఆపరేషనుకు ముందురోజు మేత పెట్టొద్దని, కుప్ప దగ్గరికి పోనివ్వొద్దని ఆయన గట్టిగా చెప్పారు. వాళ్లు తాడు తెచ్చి నన్ను కట్టేశారు.