అంగూర్ తోటకు ఇటలీ వీసా

దిల్‌సుఖ్‌నగర్ పేరులోనే మనసుకు సుఖం ఉంది. దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ అనే జాగీర్దారు పేరు మీద ఆ పేట వెలిసిందని చెబుతారు. మెట్రో దిగితే సాయిబాబా గుడి, అటు చీరల దుకాణాలు, ఇటు కోచింగ్ సెంటర్లు, మధ్యలో మిర్చి బజ్జీ బండి. ఇంత సుఖంలో కాపురముంటున్న జంటలకు ఈమధ్య ఒక లోటు కనిపెట్టి పెట్టారు. ప్రేమ మళ్లీ చిగురించాలంటే ద్రాక్షతోట కావాలట. ఆ తోట ఇటలీలోనే ఉండాలట. నాలుగు రాత్రులు, అయిదు పగళ్లు, బ్రేక్‌ఫాస్ట్‌తో కలిపి. మిగతాది ఈఎంఐ.

ఈ గాలి మనవైపు తిరిగిన తేదీలు చెప్పొచ్చు. 2017 డిసెంబరు 11న విరాట్ కోహ్లీ, అనుష్క శర్మ టస్కనీలో పెళ్లి చేసుకున్నారు. అప్పటికి అది ముంబై, ఢిల్లీ వాళ్ల ముచ్చట. 2023 నవంబరు 1న వరుణ్ తేజ్, లావణ్య త్రిపాఠి అదే టస్కనీలో, సియెనా దగ్గరి బోర్గో శాన్ ఫెలీచేలో ఒక్కటయ్యేసరికి అది మన ఇంటి పెళ్లైపోయింది. పెళ్లి చేసుకున్నవాళ్లను అనాల్సిందేమీ లేదు. వాళ్ల డబ్బు, వాళ్ల వేడుక. చిక్కంతా ఆ ఫొటోలను ఫోనులో దాచుకుని, ‘మనమెప్పుడు వెళ్దాం?’ అని చైతన్యపురి సిగ్నల్ దగ్గర స్కూటర్ మీద అడిగిన వాళ్లతో వచ్చింది. నిజానికి ఇటలీ ఒకసారి హైదరాబాద్‌కే వచ్చి వెళ్లింది. 2022లో విడుదలైన ‘రాధేశ్యామ్’ కథ 1970ల ఇటలీలో జరుగుతుంది. కొంత అక్కడ తీశాక కొవిడ్ అడ్డుపడటంతో, మిగిలిన ఇటలీని ఇక్కడే సెట్లు వేసి నిలబెట్టారు. సినిమా అయిపోయింది, సెట్లు విప్పేశారు, మనకు ఒక వీసా ఖర్చు తప్పే అవకాశం అలా చేజారింది.

ఇంతకీ వైన్ అంటే మనకు కొత్తా? తెలంగాణలో 2,620 మద్యం దుకాణాలున్నాయి. ఏ బోర్డు చూసినా ‘వైన్స్’. లోపల బీరుంటుంది, విస్కీ ఉంటుంది, బ్రాందీ ఉంటుంది. వైనుందా అని అడిగితే కౌంటర్ మీది మనిషి ఒకసారి ఎగాదిగా చూసి, పై అరలో దుమ్ముపట్టిన సీసా కోసం స్టూలు వెతుకుతాడు. పక్కనే పర్మిట్ రూం. ప్లాస్టిక్ గ్లాసు, ఉడకబెట్టిన శనగలు, ఉల్లిపాయ ముక్క. ఆ గడప లోపలికి భార్యను తీసుకెళ్లిన భర్త ఎల్బీనగర్ చరిత్రలో ఉన్నట్టు దాఖలాలు లేవు. అదే మనిషి, అదే భార్యను, అదే పని మీద ఏడు వేల కిలోమీటర్ల దూరం తీసుకెళ్తే మాత్రం దాన్ని రొమాన్స్ అంటున్నారు.

అక్కడ నేర్పే విద్య కూడా విచిత్రమైంది. గ్లాసు పట్టి తిప్పాలి. ముక్కు దగ్గర పెట్టి వాసన చూడాలి. ఒక గుక్క నోట్లో పోసుకుని పుక్కిలించాలి. తర్వాత పక్కనున్న పాత్రలో ఉమ్మేయొచ్చు. డబ్బిచ్చి కొన్న మందును ఉమ్మేస్తారని పర్మిట్ రూంలో చెప్పి చూడండి. లేచి నిలబడి కన్నీళ్లు పెట్టుకునేవాళ్లుంటారు.

కొత్తపేటలో ఒక జంటను ఊహించుకుందాం. ఇద్దరికీ ఉద్యోగాలు, ఒక పాప, రెండు పడగ్గదుల ఫ్లాటు. ఆయన ల్యాప్‌టాప్‌లో ఒక ఎక్సెల్ షీటు తెరిచి దానికి ‘చియాంటీ ప్లాన్’ అని పేరు పెట్టాడు. టస్కనీలోని ఆ ద్రాక్షసీమ పేరు కియాంటీ అని ఆవిడ దిద్దింది. ఇటాలియన్‌లో సీ పక్కన హెచ్ వస్తే ‘క’ అంటారు. తెలుగును ‘తూర్పు దేశపు ఇటాలియన్’ అన్నారని బడిలో చదువుకున్నప్పటి నుంచి మనకు ఆ భాష మీద పెదనాన్న కొడుకు హక్కు ఒకటుంది. మాట చివర అచ్చు వస్తే చుట్టరికం కలిసినట్టే అయితే, కియాంటీలోని గ్రేవే, రాద్దా, గయోలే మన మేనత్తల ఊళ్లే అవుతాయి.

ఎక్సెల్ షీటు లెక్క ఇలా ఉంది. శంషాబాద్ నుంచి ఇటలీకి నేరుగా విమానం లేదు. దోహాలోనో దుబాయ్‌లోనో దిగి మారాలి. ఆ మార్పుతో కలిపి పదమూడు, పద్నాలుగు గంటలు. రోమ్‌లో దిగాక కియాంటీ కొండలకు కారులో ఇంకో మూడు గంటలు. అంటే మొదటి పగలు చెల్లు. తిరుగు ప్రయాణంలో చివరి పగలు చెల్లు. మిగిలినవి మూడు. వేసవిలో మన గడియారం వాళ్లకంటే మూడున్నర గంటలు ముందుంటుంది కాబట్టి, అక్కడ తెల్లవారుజామున మూడింటికే ఇద్దరికీ మెలకువ వచ్చి ఆకలేస్తుంది. దీనికి స్థలపురాణం కూడా కలిసొస్తుంది. ఫ్లోరెన్స్, సియెనా నగరాలు హద్దు తేల్చుకోవడానికి పందెం వేసుకున్నాయట. కోడి కూయగానే రెండు ఊళ్ల నుంచి చెరొక రౌతు బయల్దేరాలి, ఇద్దరూ ఎదురైన చోట హద్దు. ఫ్లోరెన్స్ వాళ్లు తమ నల్లకోడిని పస్తు పెట్టారు. అది ఆకలికి ఆగలేక చీకట్లోనే కూసింది, వాళ్ల రౌతు ముందే బయల్దేరాడు, కియాంటీలో చాలా భాగం ఫ్లోరెన్స్‌కు దక్కింది. కియాంటీ క్లాసికో సీసాల మీద ఇప్పటికీ ఆ నల్లకోడి బొమ్మే. కొత్తపేట జంట ఆ కోడిలాగే చీకట్లో లేచి కూర్చుంటుంది. వాళ్లకు దక్కేది మాత్రం బ్రేక్‌ఫాస్ట్ గది తలుపు తెరిచే దాకా ఎదురుచూపు.

తెల్లవారాక కారు. దానికి ఆర్టీఏ ఆఫీసులో తీసుకున్న ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్ ఉండాలి. స్టీరింగు ఎడమవైపు, బండి నడిచేది కుడివైపు. పాత ఊళ్లలో చాలాచోట్ల బయటి బళ్లకు ప్రవేశం లేని వీధులుంటాయి. అక్కడ ట్రాఫిక్ పోలీసు కనిపించడు, కెమెరా ఉంటుంది. జరిమానా కాగితం నెలల తర్వాత, ప్రేమ కాస్త చల్లారాక ఇంటికొస్తుంది. ఇక వైనరీ నుంచి వైనరీకి తిరుగుతూ రుచి చూడాలంటే ఇద్దరిలో ఒకరు తాగకూడదు. ఇటలీలో లీటరు రక్తానికి అర గ్రాము ఆల్కహాల్ దాటితే చట్టం ఒప్పుకోదు. మన చట్టం ఇంకా కఠినం, వంద మిల్లీలీటర్లకు 30 మిల్లీగ్రాములే. కాబట్టి ఒకరు తాగుతారు, ఒకరు నడుపుతారు. రాత్రి మళ్లీ ఎవరు నడిపారు, ఎవరు తాగారు అన్న లెక్క మీద చిన్న గొడవ. ఇదే గొడవ నాగోల్‌లో అయితే ఉచితం.

తిండి సంగతి అనుకున్నంత తేలిక కాదు. అత్తగారు కట్టిచ్చిన నెయ్యి సీసాను యూరప్ గడప దాటనివ్వరు. బయటి నుంచి వచ్చే ప్రయాణికుల సామానులో మాంసం, పాల పదార్థాలు రెండూ నిషేధమే. తిరిగి వచ్చేటప్పుడు మన కస్టమ్స్ వాళ్లు మనిషికి రెండు లీటర్ల మందును సుంకం లేకుండా వదులుతారు. అంటే తలా రెండు సీసాలు. గడ్డి అల్లిక చుట్టిన పాతకాలపు కియాంటీ సీసాను ఇటాలియన్‌లో ‘ఫియాస్కో’ అంటారు. మొత్తం యాత్రకు ఆ ఒక్క మాట చాలు. అయినా ఆ సీసా బాల్కనీలో మనీప్లాంటుకు బాగా పనికొస్తుంది.

ఈ ఏర్పాట్లన్నీ చూసిన ఆయన తల్లి ఒక్కటే అడిగింది. ‘‘అంగూర్ తోట సూడనీకి గంత దూరం పోవాల్నా బిడ్డా? మనూరికెళ్లి పట్నం వచ్చేటప్పుడు బస్సు కిటికీలకెళ్లి అవే కనవడుతుండె గదా.’’

ఆమె చెప్పింది ముసలితనపు మాట కాదు. హైదరాబాద్ ఒకప్పుడు ద్రాక్షకు పేరుపడ్డ ఊరు. 1890 ప్రాంతంలో అబ్దుల్ బాఖర్ ఖాన్ తెచ్చి నాటిన తెల్లద్రాక్ష రకం ‘అనాబ్-ఎ-షాహీ’. రాజుల ద్రాక్ష అని అర్థం. గింజ ఉన్నా, పెద్ద పండు, పందిరి నిండా గుత్తులు. దాని నుంచి పుట్టిన ఒక రకానికి ‘దిల్‌ఖుష్’ అని పేరు. దిల్‌సుఖ్‌నగర్ జంటకు ఇంతకంటే కలిసొచ్చే పేరు ఏ దేశంలో దొరుకుతుంది? తర్వాత గింజలేని థాంప్సన్ వచ్చింది. సరూర్‌నగర్, కర్మన్‌ఘాట్, హయత్‌నగర్, ఉప్పల్ వైపు రాతి కడీలు పాతి, తీగలు లాగి, పందిళ్లు వేశారు. టస్కనీలో తీగ చలికాలమంతా మోడై నిద్రపోతుంది. ఇక్కడి తీగకు నిద్ర లేదు. వేసవిలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి కత్తిరిస్తే, ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా పండు. ఆ చలికాలపు నిద్ర కూడా లేకుండా పనిచేసిన తోటలను మనం గౌరవంగా సాగనంపాం. బోర్లు ఎండాయి, కూలి పెరిగింది, మహారాష్ట్ర పంట పోటీకొచ్చింది, అన్నిటికంటే ముఖ్యంగా గజం ధర పెరిగింది. పందిరికి పాతినటువంటి రాతి కడీలే ఆ తర్వాత ప్లాట్ల చుట్టూ లేచాయి. కాయడం మాత్రం మానేశాయి.

కొత్తపేటలోనే ఉన్న గడ్డిఅన్నారం పండ్ల మార్కెట్ కూడా బాటసింగారం వెళ్లిపోయింది. ఆ స్థలంలో టిమ్స్ ఆస్పత్రికి 2022 ఏప్రిల్ 26న శంకుస్థాపన చేశారు. ఆస్పత్రి అవసరమే. అయితే తోట పోయి, తర్వాత పండ్ల మండీ పోయి, ఇప్పుడు వీధి మూల బండి మీద నాసిక్ ద్రాక్ష పావుకిలో కొనుక్కునే పేటలో, తోటలో నడిస్తే ప్రేమ పెరుగుతుందని చెప్పేవాడికి గిరాకీ ఉండటంలో వింతేముంది?

టస్కనీ వాళ్లు మనకంటే పుణ్యాత్ములేమీ కాదు. ఇప్పుడు మన జంట పడుకోబోయే రాతి ఇల్లు ఒకప్పుడు సగపాలుకు దున్నిన రైతుది. పంటలో సగం భూస్వామికి, సగం రైతుకు. ఆ బతుకు చాలక వాళ్లూ పట్నాల ఫ్యాక్టరీలకు పోయారు. 1964లో చట్టం కొత్త సగపాలు ఒప్పందాలను ఆపింది. 1985లో ఇంకో చట్టం, రైతు తన పొలంలోనే అతిథులను పెట్టుకోవడానికి ‘అగ్రితురిజ్మో’ పేరుతో దారి చూపించింది. ఖాళీ అయిన ఇళ్లకు అలా బాడుగ వచ్చింది. తేడా ఎక్కడంటే, వాళ్లు ఇల్లు వదిలారు గానీ తీగ పీకలేదు. పీకితే నష్టమయ్యేలా ఎప్పుడో ఒక గీత గీసి పెట్టుకున్నారు. టస్కనీ ప్రభువు మూడో కోసిమో 1716 సెప్టెంబరు 24న ఒక ఫర్మానా ఇచ్చాడు. కియాంటీ అంటే ఇదిగో ఇక్కణ్నుంచి ఇక్కడిదాకా, దీని బయట పండినదానికి ఆ పేరు పెట్టకూడదు అని. పేరు మట్టికి కట్టేసరికి మట్టికి విలువొచ్చింది.

మనమూ గీతలు గీశాం. లేఅవుట్ గీతలు, ముప్పై అడుగుల రోడ్డు గీతలు, ఎర్ర మెట్రో గీత. ఎల్బీనగర్ నుంచి అమీర్‌పేటకు మెట్రో మొదలైన రోజు 2018 సెప్టెంబరు 24. కోసిమో ఫర్మానాకు ఆ రోజుతో సరిగ్గా 302 ఏళ్లు నిండాయి. ఆ గీత వెంట కూడా మట్టికి విలువొచ్చింది, మట్టి కనబడకుండా పోయింది. ద్రాక్ష చూడాలన్న కోరిక మరీ బలంగా ఉంటే రాజేంద్రనగర్‌లో ద్రాక్ష పరిశోధన కేంద్రం ఉంది. ఎల్బీనగర్ చౌరస్తా నుంచి ఆరాంఘర్ మీదుగా వెళ్లి రావచ్చు. వీసా అక్కర్లేదు. అందుకే ఎవరికీ ఫొటో పెట్టాలనిపించదు.

వీసాకు మాత్రం ఫైలు కట్టాలి. షెంజెన్ రుసుము మనిషికి 90 యూరోలు. ముప్పై వేల యూరోలకు తగ్గని వైద్య బీమా. బ్యాంకు స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, ఆఫీసు నుంచి సెలవు కాగితం. వెళ్లినవాళ్లు తిరిగొస్తారని నమ్మించడానికి ఇంటి కాగితాలు జతచేస్తే మంచిదని ఏజెంటు చెప్పాడు. మంచిదేగా అని ఆయన బీరువాలోంచి సేల్ డీడ్‌తో పాటు లింకు డాక్యుమెంట్లు కూడా తీశాడు. పాత దస్తావేజు తెలుగులో ఉంది. దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక తర్జుమా మనిషికిచ్చి ఇంగ్లిష్‌లో టైపు చేయించారు.

జిరాక్స్ షాపులో వాళ్ల ముందు కోచింగ్ పిల్లలు నలుగురు. వరుసలో నిలబడి ఆవిడ కాగితాలు సర్దుతూ ఒక పేజీ దగ్గర ఆగింది. తూర్పు హద్దు: వైన్‌యార్డ్. ఉత్తరం: వైన్‌యార్డ్, బావి. పడమర: బండ్ల బాట.

‘‘ఇదేంటి, హోటల్ బుకింగ్ కాగితం ఇందులో కలిసిందా?’’

ఆయన తీసుకుని చూశాడు. సర్వే నంబరు చూశాడు. కింద స్టాంపు చూశాడు.

‘‘కాదు. మన ఫ్లాటుదే.’’

‘‘ఎన్ని కాపీలన్నా?’’ అన్నాడు జిరాక్స్ కుర్రాడు.